బేరియం గుటక

గోన్‌బద్ ఆసుపత్రి, ఎక్స్‌రే గది.
మధ్యాహ్నం మూడో పేరు ఓగుల్‌గెరెక్.
తివాచీలు నేసే మనిషి,
వేళ్ల కొనలకి దానిమ్మ తొక్క రంగు.

గ్లాసు చేతికిచ్చాను. వాసన చూసి
"పులిసిన ఒంటెపాలలా ఉంది,
పులుపొక్కటే ఎవరో దొంగిలించారు" అంది.

ఇరవై మూడేళ్లుగా చూస్తున్నాను
ఈ అన్నవాహికని.
పని లేనప్పుడు గొట్టం కూడా కాదిది,
ఖాళీ జేబులా తనలోకి తనే ముడుచుకుని
శ్వాసనాళం వెనక, వెన్నెముక ముందు
జానెడు మీద రెండు వేళ్లు.
రుచి తెలీదు.
ఉప్పూ తీపీ నాలుక స్టేషన్లోనే దిగిపోతాయి.
ఇక్కడిదాకా వచ్చేది
బరువూ, వేడీ.

గుటక మొదలెట్టడం వరకే మన ఇష్టం,
తర్వాత అది మనల్ని అడగదు.
వెనక బిగుస్తుంది, ముందు సడలుతుంది,
మీరు వరుస వరుసనీ దువ్వెనతో దిగగొట్టినట్టే,
అని ఆమెకి చెప్పాను.
గుండె దడని రాసుకుంటూ
ఉదరవితానంలో కంత దాటి
చివరి కండరం తలుపు తీసి, మళ్లీ వేసేస్తుంది,
కింది ఆమ్లం పైకి తొంగిచూడకుండా.
ఎనిమిది సెకన్లు. అంతే.

"మింగండి."

తెల్లగీత దిగింది.
గుండె నీడ వెనక ఆగింది.
పది. పదిహేను.
పైన తిత్తిలా ఉబ్బింది,
కింద ఒక్క పోగు,
ఎలుక కొరికిన ఊలు పోగు.

"దిగిందా?"
చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు.
"కొంచెం" అన్నాను.

అప్పుడు చెప్పింది, గోడకి చెప్పినట్టు.
నవ్‌రోజ్ నుంచి రొట్టె చాయ్‌లో నానేసి తింటోందట.
తర్వాత రొట్టె మానేసింది.
చాయ్ మానలేదు,
సమోవార్ కింద పియాలా నిండగానే
పొగతో సహా,
వాళ్లమ్మ తాగినట్టు.
"చల్లారాక ఇస్తే
పొమ్మన్నట్టు కాదూ?"

ఇంట్లో తెలుసా అని అడిగాను.
బయట బెంచీ మీద మనవరాలు ఐసోల్తాన్
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది.
"దానికి పరీక్షలు" అంది.

మాటలు దిగడానికి వేరే దారి ఉంది కాబోలు.
ఏ తెర మీదా పడలేదింతవరకు.

ఫిల్ము మీద పేరు రాశాను, స్పెల్లింగు తప్పి
మళ్లీ రాశాను.
"దువ్వెన పళ్లూడిపోయిందన్నమాట"
అంటూ మూతి తుడుచుకుని
గ్లాసు అడుగున మిగిలింది చూసింది.

"పారబోస్తావా దీన్ని?
ఇంటికి పట్టుకెళ్తాను, ఇవ్వు.
మెల్లగా తాగుతాను."