దగ్గరికొచ్చేటోడు

మిర్యాలగూడ రైల్వే గేటు దాటినంక
గౌస్ భాయ్ గేముల దుకాణం.
బిళ్ళ ఒకటి రూపాయి.
ఎంత తుడిచినా తెర మీద ఊక దుమ్ము పేరుకునేది,
మిల్లుల ఊరు గదా.

ఆ కొట్లాటల పన్నెండు మంది ఉండేటోళ్లు.
నాకు నిప్పులు విసిరేటోడే కావాలె ఎప్పుడూ.
తెర ఈ కొసకు నిలబడి
ఒకటి, ఇంకోటి, ఇంకోటి,
ఎదుటోని మొఖం చూడకుండనే గెలువచ్చు.

అడుగున ఆఖరి గడిల ఓ బొద్దోడు.
ఇంగ్లీషు పేరు చదవరాక
మేం పెట్టుకున్న పేరు బస్తా.
నిప్పు లేదు, కత్తి లేదు,
ఎగిరితె జానెడు.
వాణ్ని ఎవ్వరం ముట్టకపోదుము.

జానయ్య ముట్టిండు.
మిల్లు హమాలి, నలభై ఏండ్లుంటయి.
మాపటి లోడు ఎత్తినంక
భుజం మీద తువ్వాల, నడుముకు కొక్కెం,
మా పోరగాండ్ల నడుమ నిలబడి బిళ్ళ వేసేటోడు.

బస్తాతోని పట్టు పట్టాలంటె
పుల్లను గుండ్రంగ నిండు సుట్టు తిప్పాలె,
తిప్పిన ఊపుల గుండీ కొట్టాలె.
మా లేత మణికట్లకే సగంల తప్పేది.
జానయ్య కుడి మణికట్టు అసలే తిరగదు,
ఎన్నడో లారీ మీదికెళ్లి జారిన క్వింటాలు దాన్ని విరిచింది,
నాటు వైద్యుడు వంకరగ అతికిచ్చిండు.
అయినా తిప్పిండు.
భుజంకెళ్లి, వీపుకెళ్లి తిప్పిండు
జొన్నలేసి ఇసుర్రాయి తిప్పినట్టు.
మిషను కాళ్ళు కిర్రుమన్నయి.
"పుల్ల విరిగితె పైసలు నువ్వే కట్టాలె" అని లోపల్నుంచి గౌస్ భాయ్.

ఒకనాడు కరెంటు పోయింది.
హైద్రాబాదుల ఉండొచ్చిన నజీరు ఓ మాట తెచ్చిండు: గ్రాప్లర్.
చీకట్ల పంచాయితి షురువైంది, గ్రాప్లరంటె ఎవడని.
ఒళ్ళు పెద్దగుండాలె అన్నడు ఒకడు.
మరి గద తిప్పే మొద్దోడో? వాడు ఆమడ దూరంకెళ్లే కొడ్తడు.
మెల్లగ నడవాలె.
తాబేలు సుత నడుస్తది పోరా.
ఎత్తి పడెయ్యాలె.
ఎత్తి పడేసుడు అందరికి వస్తది, నా నిప్పులోనికి సుత.

జానయ్య బీడీ ముట్టిచ్చిండు.
"మీరు కొడ్తె ఎదుటోడు చేతులడ్డం పెడ్తడు, దెబ్బ ఆగుతది.
నాకు ఆ అడ్డం పెట్టిన చేతులే పట్టు."
ఒక దమ్ము గుంజి మళ్ల అన్నడు:
"దూరంకెళ్లి బస్తా లేపినోడు ఎవడన్న ఉన్నడారా?"

కరెంటొచ్చింది. ఆయనకు ఎదురు నేను.
నిప్పు విసిరిన. తిన్నడు. ఒక్కడుగు.
మళ్ల విసిరిన. మళ్ల తిన్నడు. ఇంకో అడుగు.
అడుగడుగుకు ఇంత నెత్తురు కిరాయి కట్టుకుంట
పచ్చ గీత సన్నని దారమయ్యేదాక
వస్తనే ఉన్నడు.
నా వెనక గోడ.

అప్పుడు ఊకె నిలబడ్డడు.
ఏం చెయ్యలె.
చేతులడ్డం పెడ్తె పడ్తడు,
ఎగిరితె కిందికొచ్చేదాక ఆగుతడు,
కొడ్దామంటె నా వేళ్ళు నాయి కావు.
పట్టక ముందే పట్టిండు నన్ను.
ఇసుర్రాయి తిరిగిన సప్పుడు తర్వాత విన్న.

ఫోన్లల్లకు ఆటలొచ్చినంక దుకాణం ఎత్తేసిండు గౌస్ భాయ్.
మిషను కోదాడోనికి అమ్మిండు.
ట్రాలీ ఆటో బయట ఆగింది.
మేం నలుగురం, ఇస్త్రీ అంగీలు మాసిపోతయని
చేతులు చాపి నూకినం.
ఇంచు కదలలె.

ఎవరో పోయి జానయ్యను పిలుసుకొచ్చిండ్రు.
ఆయన తువ్వాల నెత్తికి సుట్టి
రొమ్ము ఆనిచ్చి
చెంప తెరకు ఆనిచ్చి
రెండు చేతులు అవతలికి కలిపి
నిద్రవోయిన బిడ్డను ఎత్తినట్టు ఎత్తిండు.

కూలి ఎంతని అడగలె. గౌస్ భాయ్ ఇయ్యలె.
ఆటో మలుపు తిరిగేదాక చూసినం.
అద్దం మీద ఊక దుమ్ముల
ఆయన చెంప అచ్చు, గడ్డం గరుకుతోని సహా.
కోదాడ దాక పోయే ఉంటది.