గుడ్డు గడియారం

పక్కింటి కుర్రాడి పేరు కాలమ్.
మా ఇంటికొచ్చాక చివరి పొల్లు ఊడిపోయి సున్నా చేరింది.
కాలం వచ్చాడు. కాలానికి ఆకలేస్తోందట.
కాలం బూట్లు గుమ్మంలోనే విప్పమను.

అబర్డీన్‌లో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
గ్రానైటు గోడల మీద ఆరని తడి,
కిటికీ అంచున ఒక సీగల్
బాకీ వసూలుకొచ్చినవాడిలా.

లోపల హీటరు పక్కన, మా హవిషా వాడూ
ఒకే లాప్‌టాప్ ముందు తలలు ఆనించి
దిమ్మెల మీద దిమ్మె పెట్టి ఊరు కడుతున్నారు.
చతురస్రపు సముద్రం, చతురస్రపు చంద్రుడు,
ఆవుకి కూడా మూలలున్నాయి.
ఒడ్డున ఒక ఇల్లు. వంటింట్లో ఒక దీపం.

ఆ దీపం వెలగాలి.
ఎప్పుడు వెలుగుతుందో మాత్రం తెలియకూడదు.

నేను బస్సుల టైంటేబుళ్లు రాసేవాణ్ణి.
ఏడూ పద్నాలుగు, ఏడూ ఇరవై తొమ్మిది, నా అన్నం అదే.
‘ఎప్పుడో’ అనే గడి నా పట్టికల్లో లేదు.
అయినా పెద్దరికంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మొదట ఎర్రపొడి గీతని గుండ్రంగా తిప్పారు.
గానుగెద్దులా కరెంటు దాని వెంటే తిరిగింది.
దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది,
చవితి పందిట్లో సీరియల్ లైట్లలా.
“లెక్కపెట్టొచ్చు,” అన్నాడు కాలం పెదవి విరిచి.
దారిలో ఆలస్యాలు చేర్చారు, పదమూడు.
లెక్క పొడుగైంది, అంతే.
రెండు చక్రాలు కలిపారు, ఒకటి ఏడుకి, ఒకటి పదకొండుకి.
డెబ్బై ఏడో అంగలో మళ్లీ కలుస్తాయని
నేనే నోరు జారాను.
పొడుపుకథ విప్పేసినవాణ్ణి చూసినట్టు
చూశాడు నన్ను.

“నిజంగా తెలియకూడదంటే,” అంది హవిష,
“తెలియనివాళ్లని పెట్టాలి.”

కోడిని పెట్టారు.

గరాటు మీద తెల్లకోడి, చుట్టూ అద్దాల గోడ.
అది గుడ్డు పెట్టాలి, గుడ్డు గరాటులో పడాలి,
ఎర్రపొడి ఉలిక్కిపడాలి, దీపం వెలగాలి.
ఐదు నిమిషాలకో, పదికో, మధ్యలో ఎక్కడో.
కోడికే తెలియదు.
తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న
ముసలమ్మ గుర్తొచ్చి నవ్వాను.
ఎందుకు నవ్వానో చెప్పడానికి
వాడి భాష నాకు చాల్లేదు.

“నాన్నా, ఇదంతా కాలం చేశాడు!”
అలా అనకూడదే తల్లీ, అనబోయి
ఆ మాటని టీతో పాటు మింగాను.

దీపం ఎందుకో ఎవరూ చెప్పలేదు. అడగలేదు కూడా.
వాడి అమ్మ ఐలీ ఉత్తర సముద్రంలో
చమురు తోడే ఇనుపదీవి మీద వెల్డరు.
మూడు వారాలు అక్కడ, మూడు ఇక్కడ.
నీళ్ల మీంచి పొగమంచు లేచిందా,
హెలికాప్టరు లేవదు.
మంగళవారం అన్నది బుధవారమవుతుంది, శుక్రవారమవుతుంది.
తాత చీకట్లోనే రేడియో వింటాడు, చూపు ఆనదు,
దీపంతో ఆయనకి పని లేదు.
అందుకని వాళ్ల వంటిల్లు వెలిగిందంటే అర్థం ఒక్కటే.
మా ఇంట్లో తింటున్న ముద్ద మధ్యలోనే
చెయ్యైనా కడక్కుండా పరిగెత్తుతాడు.

తొమ్మిదికి తాత పిలిచాడు, వాడు వెళ్లాడు.
హవిష నిద్రపోయింది.
లాప్‌టాప్ మూద్దామని వచ్చి నిలబడిపోయాను.
కోడి అటు తిరిగింది, ఇటు తిరిగింది.
నాలుగు నిమిషాలు. ఆరు. ఎనిమిదీ చిల్లర.
బస్టాపులో నిలబడేవాళ్ల సంగతి
ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి
నా కాళ్లకి తెలిసింది.

గుడ్డు పడింది.
మూలల ఇంట్లో దీపం వెలిగింది.
సిగ్గు లేకుండా తల తిప్పి
కిటికీలోంచి పక్కింటికేసి చూశాను.
వంటిల్లు చీకటిగానే ఉంది.
పొగమంచు వీధిదీపాన్ని కూడా నములుతోంది.

మూయలేదు. ఛార్జరు తగిలించి,
కోడిని దాని పని మీద ఉంచి
వచ్చి పడుకున్నాను.