నాలుగో గడి

నకూరులో ఎన్నికలకి ఇంకా పంతొమ్మిది రోజులు.
నా పని వినడం.
పైన రేకుల మీద వాన, చెవులకి హెడ్‌ఫోన్లు,
ముందు ఒక ఫారం. దానికి నాలుగు గడులు.
చెప్పింది నిజమేనా?
ఎవరినైనా కించపరిచాడా?
చెయ్యెత్తమని ఉసిగొల్పాడా?
నాలుగోది, ఇతర వివరాలు.
అది అగ్గిపెట్టెంత. ఏం రాసినా పట్టదు.

మొదటి వారం సాఫీగానే పోయింది.
రోడ్డు వేయించానన్నవాడి రోడ్డు చూడ్డానికి
అద్దె మోటర్‌సైకిల్ మీద వెళ్ళాను.
కంకర కుప్ప మీద మేకపిల్ల పడుకుని ఉంది.
మొదటి గడిలో, 'కాదు'.
తిట్టేవాళ్ళతో ఇంకా సులువు,
తిట్టుకి దాక్కోవడం రాదు.

బుధవారం వచ్చిందే, అది నవ్వుతూ వచ్చింది.
మైకు ముందు ఆయన గొంతు నెమ్మదిగా, పాలు కాచినట్టు:
"చుట్టం చూపుగా వచ్చినవాళ్ళని మనం బాగా చూసుకుంటాం.
మన పద్ధతే అది.
చుట్టాలకీ తెలుసు కదా,
పొద్దు వాలకముందే లేవాలని."

జనం ఘొల్లుమన్నారు.
వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. మళ్ళీ.
అబద్ధం లేదు. తిట్టు లేదు. ఎవరి పేరూ లేదు.
మూడు గడులూ కడిగిన పళ్ళేలు.

మా గోడకి అవతల న్యోకాబి ఉంటుంది.
వాళ్ళ తాతని ఈ మట్టిలోనే పూడ్చారు,
ఆయన నాటిన అవకాడో కొమ్మ మా వైపు వంగి కాస్తుంది.
గురువారం పొద్దున్నే ఆమె
తలుపుకి రెండో గడియ బిగిస్తోంది.
పదకొండు సుత్తి దెబ్బలు.
"నిన్నటి మీటింగు విన్నావా?" అంది, పళ్ళ మధ్య మేకుతో.
వానలో వినపడనట్టు లోపలికి వచ్చేశాను.
అప్పటికి వాన లేదు.

శనివారం మావాడు మాట్లాడాడు.
మావాడంటే, నా ఓటు ఎవరికో ఆ మనిషి.
మా అమ్మకి ఆక్సిజన్ కోసం
అర్ధరాత్రి తన జీపు పంపినవాడు.
"అవతలివాళ్ళు ఆస్పత్రి మంచాలు అమ్ముకున్నారు" అన్నాడు.
మంచాలు స్టోర్‌రూమ్‌లో ఉన్నాయి.
తాళంచెవి మా చెల్లెలి దగ్గరే ఉంటుంది.

చాయ్ మీద మీగడ కట్టింది.
మేకపిల్ల రోజున చకచకా నడిచిన కలం ఇదేనా?
రాశాను. 'కాదు'.

మసిందె ఫారం వెలుతురుకి పట్టి చూశాడు.
"జెరోటిచ్, ఈ 'కాదు' ఏంటి చీమ తలంత ఉంది?
ఆ రోడ్డువాడిది బొప్పాయంత రాశావే!"
కొట్టేసి, బొప్పాయంత రాశాను.

తర్వాత బుధవారం కాగితం తీసి
ఆ నాలుగో గడిలో ఇరికించాను:
నవ్వు. మర్నాడు పక్కింట్లో పదకొండు దెబ్బలు.
ఇంకో మాట మిగిలిపోయింది,
అంచు దాటి, మార్జిన్‌లో, నిలువుగా:
మొదటిసారి విన్నప్పుడు
ఈ ఫారం నింపే మనిషి కూడా నవ్వింది.

మసిందె చాలాసేపు చదివాడు.
"దీనికి నిబంధన లేదు" అన్నాడు.
స్టేప్లర్ కోసం సొరుగంతా వెతికి
ఒక తెల్లకాగితం దాని వెనక కుట్టి
నా వైపు తోశాడు.