కాళ్ళున్న రాజు

పాత పోస్టాఫీసు వెనక తుక్కుషాపులో
ఏదో ఓడ దింపేసిన సామాన్ల మధ్య దొరికింది,
ముప్పై రూపాయలకి. పిడి దగ్గర కొంచెం పెచ్చూడింది.
పింగాణీ మీద ఆఠీను రాజు,
ఏ కాలం వాడో, కాళ్ళతో సహా!

మా దాలినాయుడు మావ చూసి నవ్వాడు.
పోర్టులో వించి మీద ముప్పయ్యేళ్ళు,
షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య రమ్మీ.
"మన పేకలో రాజులకి అటో తల, ఇటో తల.
ఎలగ పడినా పరువు పోదు.
ఈడికి కాళ్ళున్నాయి, పాపం.
తలకిందులైతే తెలిసిపోతాది."

కుడిచేత్తో ఎత్తి తాగుతుంటే
రాజు ఎదుటివాళ్ళకే కనిపిస్తాడు.
నా ముక్క
నాకు తప్ప అందరికీ తెలుసు.

పీఎఫ్ డబ్బు ఏమైందో
అత్త అడగలేదు, నేనూ ఎత్తలేదు.
టీ చల్లారేదాకా
హార్బరు గాలికి కిటికీ రెక్క
కొట్టుకుంటూనే ఉంది.

మగ్గు కడిగి గట్టు మీద బోర్లించాను.
రాజు బూట్ల మీంచి ఒక్క బొట్టు
గడ్డం దాకా జారింది.
కిరీటం కింద గచ్చు తడిసింది.

వెళ్ళబోతూ మావ
చెప్పుల్లో కాళ్ళు పెట్టినవాడు తీసి,
లోపలికొచ్చి
మగ్గుని నిలబెట్టి పోయాడు.