గీత మీద బంతి

తిరుమలగిరి గ్రౌండ్‌ల సున్నం గీతలు గీసేది నేనే.
ఇరవై రెండేండ్ల సంది.
వాన పడితే చెదురుతయి,
మళ్ల గీస్త.

ఇయ్యాల ఏసుపాదం వచ్చిండు.
చేతులతో ఆడెటోనికి పాదమని పేరు,
చిన్నప్పుడు గ్రౌండంతా నవ్వేది.
ఎనిమిదేండ్ల బ్యాన్ నిరుడే అయిపోయింది.
గేటు దాటి లోపలికి రానీకె
ఇంకో ఏడు పట్టింది.

మీకు యాదికుందో లేదో,
లీగ్ ఆఖరి మ్యాచ్.
ఎడమకు వచ్చే బంతికి కుడికి దునికిండు.
గంత సక్కటి దునుకుడు నేనెన్నడు సూడలే.
బనీనుకు మట్టంటింది, మోచెయ్యి గీరుకపోయింది,
మేం అయ్యో అన్నం గూడ.

ముప్పై వేలంట.
అమ్మకు ఆపరేషనని చెప్తే
సగం బస్తీ ఆడికాడనే మాఫీ చేసేది.
విచారణల అడిగితే
"బండి కొనుక్కున్న సార్" అన్నడు.
నల్ల బండి, సెల్ఫ్ స్టార్టు.
గదే మింగుడు పడలే ఎవ్వరికి.
ఏడుస్తడని కూసున్నోళ్లకు
బండి రంగు చెప్పిండు.

ఏడ్వొచ్చినోడు ఇంకొకడున్నడు, పెద్దాటగాడు.
టీవీల ఏడ్సిండు, ఎనుక వయొలిన్ మోగింది,
యాంకరమ్మ రుమాలిచ్చింది.
రెండేండ్లు తిరగకముందే
జూబ్లీ బస్టాండ్ కాడ హోర్డింగెక్కి
సిమెంటు బస్తా పట్టుకొని నవ్వుతున్నడు.
కింద రాసుంది: నమ్మకానికి మారుపేరు.

ఇగ నా సంగతి.
ఆ రోజు అందరు చెప్పులిసిరిన్రు,
నేను సున్నం డబ్బా ఇసిరిన.
కంటి పక్కన తగిలింది, నెత్తురొచ్చింది.
నాకెవ్వరు బ్యాన్ పెట్టలే.
తెల్లారి మళ్ల గీతలు గీసిన.

ఎల్లేష్ అని లెఫ్ట్ బ్యాక్ ఉండె, గదే టీమ్‌ల.
టీమ్ కింది డివిజన్‌కు జారింది,
రైల్వేల రావాల్సిన కొలువు జారింది.
ఇప్పుడు లాల్‌బజార్‌ల ఆటో నడుపుతడు.
మొన్న అడిగిన, "పాదం వస్తుండంట, అందరు మాఫీ చేసిన్రంట" అని.
టైరు గాలి సూసుకుంట అన్నడు,
"అందరు చేసిన్రా అన్నా?
నన్నెవ్వరడిగిన్రు?"
కాసేపాగి, "గా బండి ఇంకున్నదా?" అన్నడు.
అమ్మిండని చెప్పిన.
ఎంతకు అని గూడ అడిగిండు.

ఇయ్యాల పొద్దుగాల, ముసురు.
పదమూడేండ్ల పోరగాండ్ల ప్రాక్టీసు,
వాళ్ల కీపర్‌కు జరం.
కోచ్ అటిటు సూసి,
గోడకానుకొని నిలవడ్డ పాదానికి గ్లవుజులిచ్చిండు.
అవి చిన్నగైనయి, మణికట్టు కాడ ఆగినయి.
పెనాల్టీ.
ఈసారి బంతెటొస్తే అటే దునికిండు.
వేలి కొసలకు తగిలింది,
తడి బంతి, జారింది,
గీత దాటింది.

పిల్లలాట. పందెం లేదు, పైస లేదు.
అయినా మెట్ల మీద కూసున్న ముగ్గురం
ఒకని మొకం ఒకడు సూసుకున్నం.
నోరు తెరువలే ఎవ్వరం,
ముగ్గురికి ఒక్కటే మాట ఇనబడ్డది.

ఆపిన బంతికి ఎవడైన సప్పట్లు కొడ్తడు.
వదిలిన బంతిని
ఉత్తగ వదిలిన బంతి లెక్క సూసుడుంది సూడు,
గది నాకింక చాతనైతలేదు.
నిజంగ ఓడిపోతే నిజంగనే ఓడిండని
నలుగురు నమ్మాలె.
ఆయన అడిగేది గంతే కావొచ్చు.
గది గూడ మస్తు పిరమే.

పెనాల్టీ కొట్టిన పోరడు ఉరికొచ్చి
"మంచిగ దునికినవ్ అంకుల్, జర్రంత తప్పింది" అన్నడు.
ఆ మ్యాచప్పుడు వాడు నాలుగేండ్లోడు.

గోల్ ముంగట ఆయన మోకాలు రాసుకొని
గీత మూరెడు చెదిరింది.
"అన్నా, గీత చెరిపిన" అన్నడు లేచుకుంట.
"ఏం కాదు తియ్, గీస్త" అని
సున్నం డబ్బా లేపిన.

ఆయన చెయ్యి
కంటి పక్కకు పోయింది.