దొంగనొప్పులు

ఆలిచిప్పలు ఒలుస్తున్నాను.
ముప్ఫై మూడో వారం. ఆగస్టు. వాన.
చిలోయే దీవుల్లో వాన గురించి చెప్పడమంటే
ఊపిరి గురించి చెప్పడం, ఎవరూ చెప్పరు.
చిప్ప నోట్లో కత్తి పెట్టి తిప్పబోతుంటే
నా కడుపు బిర్రుగా నోరు మూసుకుంది.

రాయి.
నడుము నుంచి ముందుకి
ఎవరో పడవతాడు లాగి ముడేసినట్టు.
వదిలింది. నవ్వొచ్చింది కూడా.
ఇంకో పది చిప్పలు ఒలిచానో లేదో
అదే తాడు, అదే ముడి.

అత్త ఎదెల్మీరా పొయ్యిలో కట్టె ఎగదోస్తూ
వేళ్ళ మీద లెక్కేసింది. తల దించుకుంది.
ఏడోనెల పిల్ల బతుకుతుంది,
ఎనిమిదోనెల పిల్ల నిలవదు:
ఈ దీవి ముసలమ్మలందరికీ నోటికొచ్చిన మాట.
ఆమె అనలేదు.
అనకపోవడమే వినిపించింది.

నోల్బెర్తో చేపల తెప్ప మీద,
పద్నాలుగు రోజుల డ్యూటీలో తొమ్మిదోది.
ఫోన్లో అతని గొంతుకంటే గాలే ఎక్కువ.
ఎంతసేపటికోసారి, అన్నట్టు తోచింది.
ఏడు నిమిషాలు, అన్నాను గాలితో.

రేవు మూసేశామంది రేడియో.
ఎలెయుతేరియో రేడియో కట్టేశాడు.
నా పెళ్ళిలో తాగి డోలు మీద పడ్డ ముసలాడు
ఈ రాత్రి చుక్క ముట్టలేదు, అదొక్కటే అదృష్టం.
బంగాళాదుంప బస్తాలు పక్కకి నెట్టి
గొర్రెతోళ్ళు పరిచి
పడవ అడుగున నన్ను ఎడమవైపు పడుకోబెట్టారు.

రెండు గంటల నీళ్ళు.
ఇంజను వణుకు వెన్నుపూసల్లో.
బయట అల లేస్తే లోపల అల,
ఏది ఎవరిదో కొంతసేపు తెలియలేదు.
దేవుడికి మొక్కుకున్నానని చెప్పుకోవాలి గానీ
నిజానికి నేను తలచుకుంది
ఊలు టోపీకి ఒక చెవివైపు ఇంకా అల్లలేదని.
చిన్నదానా, అన్నాను, నీకు పేరే పెట్టలేదు.
ఇక్కడి గాలి ఎవరినీ అడిగి వీచదు.
ఉండు.
టోపీ అయ్యేదాకా ఉండు.

కాస్త్రో పట్నంలో తెల్లటి గది.
పొట్టకి రెండు పట్టీలు కట్టింది మంత్రసాని యాస్నా,
నాకంటే చిన్నది, ఆవలింత ఆపుకుంటోంది.
పెట్టెలోంచి కాగితం వస్తూనే ఉంది:
పైన నీ గుండె గీసిన గరుకు గీత,
కింద నేను గీసిన కొండలు.
తొంటికి సూది. ఊపిరితిత్తులు త్వరగా పండడానికట.
పండడం, ఆమె అన్న మాటే.
అటకమీద గడ్డిలో మాగేసిన ఆపిల్‌పండ్ల వాసన
ఎక్కడిదో ఆ మందుల గదిలోకి వచ్చింది.
రేపు ఈ వేళకి ఇంకో సూది,
అప్పటిదాకా ఆగితే చాలు, అంది.
చాలు అన్న మాట
అంత ఇరుగ్గా ఎప్పుడూ వినలేదు.

నడవా చివర గాజుపెట్టె ఉంది.
నేను అటు చూడలేదు.
చూశాను.
చేతిగుడ్డంత మనిషి,
కాలిమడమకి అంటించిన కాగితం మీద
మనిషికంటే పొడుగు పేరు.

తెల్లారేసరికి నా కొండలు దిబ్బలయ్యాయి.
మధ్యాహ్నానికి ఇసుక.
రెండో సూది పడింది.
దొంగనొప్పులు, అంది యాస్నా మూడోనాడు
చేతులు కడుక్కుంటూ. ఇంటికెళ్ళు. బరువులెత్తకు.

ఎలెయుతేరియో కిరాయి పుచ్చుకోలేదు.
రానూపోనూ ఒకే మనిషివి, అన్నాడు,
ఇద్దరైనప్పుడు చూద్దాం.
రేవులో ఆడవాళ్ళు ముందు నా చేతులకేసి చూశారు,
తర్వాత పొట్టకేసి.
అప్పుడు నవ్వారు.

దొంగ ఏమీ పట్టుకుపోలేదు.
గొళ్ళెం ఎక్కడ వదులో చూసి పోయాడు.
నిద్రలో కూడా ఒక చెయ్యి కాపలా.
అత్త వేళ్ళ లెక్క మానేసి
గోడ క్యాలెండరు మీద రోజుకో దుంప గీస్తోంది
వంకరటింకరగా, మొలకలతో సహా.

టోపీ రెండు చెవులూ అల్లేశాను.
ఆఖరి ముడి మాత్రం వెయ్యడం లేదు.
తలుపు దగ్గరి సంచిలోంచి
దారం కొస వేలాడుతోంది.