రెండో గాడి ఖాళీ

ముప్పై రెండు వేలు.
చీటీ పాడుకుంటే చేతికొచ్చింది,
రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టుకుని.
పోయిన కార్తీకం వానకు వ్యాసర్పాడిలో మా గదిలోకి
మోకాలెత్తు నీళ్లొచ్చి పాత మిషన్ను తాగేసి పోయాక
ఎనిమిది నెలలు
పక్కింటి జయశీలి ల్యాప్‌టాప్‌తో
రాత్రి పది దాటాక అరువు బతుకు.

రిచీ స్ట్రీట్‌లో ఎండ నేరుగా పడదు,
వైర్లలో వడగట్టుకుని పడుతుంది.
క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న జాబితా
చెమటకు వేళ్లకంటుకుంది.
"ఎన్న వేణుం అక్కా?"
తమిళంలో ప్రశ్న, తెలుగులో జవాబు,
లెక్క మాత్రం ఇద్దరికీ ఒకే భాష.

దిలావర్ భాయ్ రెండు ప్రాసెసర్లు ముందు పెట్టాడు.
ఒకటి వెయ్యిన్నర తక్కువ.
ఎందుకు తక్కువన్నాను.
పేరు చివర ఎఫ్ ఉంది, దీనికి బొమ్మ రాదు,
బొమ్మకు వేరే కార్డు కొనాలన్నాడు.
ఒక్క అక్షరం!
నాకు కొత్తేం కాదు:
కొత్వాల్ చావడి మిరపకాయల కొట్టువాళ్ల
జీఎస్టీ నంబరులో ఒక్క అక్షరం జారి
మూడు నెలలు మాటలు పడ్డదాన్ని.
ఎఫ్ లేనిదే ఇవ్వన్నాను.

ర్యామ్ దగ్గర నోరు పడిపోయింది.
బంగారంలా రోజుకో రేటట,
పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి పాతబడుతుందట.
పదహారు అని రాసుకెళ్లినదాన్ని
ఎనిమిది దగ్గర ఆగాను.
"రెండో గాడి ఖాళీగా ఉంటుంది" అన్నాడాయన.
లోటు చెబుతున్నట్టు కాదు,
వెనక వాటా ఇంకా అద్దెకివ్వలేదని చెబుతున్నట్టు.

డబ్బాతో పాటు పవర్ సప్లై ఊరికే వస్తుందన్నాడు.
చేతిలోకి తీసుకున్నా. వేయించిన అప్పడమంత తేలిక.
మా వీధి కరెంటు సంగతి నాకు తెలుసు,
పక్క సందులో వెల్డింగ్ మొదలైతే
మా ట్యూబ్‌లైటు కళ్లార్పుతుంది.
ఇంత చేసి దీన్ని పెట్టుకోవడం
కొరివితో తల గోక్కోవడమే.
బరువున్నదే కొన్నాను, మూడేళ్ల పూచీతో,
రెండు వేల రెండొందలు.
ఎవరికీ కనపడదది.
అందరూ దాని మీదే బతుకుతారు.
పోలిక వెతకను,
అలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

రంగుల లైట్ల డబ్బా అడిగింది మధుర.
పన్నెండేళ్ల పిల్ల, అడగాలి కూడా.
నల్లటి రేకు డబ్బా తీసుకున్నాను.

మానిటర్ సెకండ్ హ్యాండ్.
మూసేసిన ఏ ఆఫీసుదో, వెనక స్టిక్కరు:
బే 3, సీటు 41.
ఆ సీటు మనిషి ఇప్పుడెక్కడ కూర్చుంటున్నాడో.
కింది మూల ఒక చుక్క వెలగదు,
రెండొందలు తగ్గించమన్నాను, తగ్గించాడు.
బేరమాడిన నోటితోనే
స్టిక్కరు పీకొద్దన్నాను.

లోపల తమిళరసి బిగించడం మొదలుపెట్టింది.
ముందు రేకును ఒకసారి ముట్టుకుంది,
ఒంట్లో కరెంటు దిగాలక్కా అంటూ.
ప్రాసెసర్ మూల చిన్న త్రికోణం,
బోర్డు మీద ఇంకో త్రికోణం,
రెండూ కలిశాక కొక్కెం వాల్చింది.
బలం పెట్టింది ర్యామ్ దగ్గరే.
టక్‌మంది.
ఆ చప్పుడు నచ్చి
మళ్లీ తీసి పెట్టమందామనుకున్నాను.

ల్యాప్‌టాపే కొనుక్కోవచ్చుగా అన్నారంతా.
అందులో ఒకటి పోతే అంతా పోయినట్టే.
ఇందులో ఏది పోతే అదే పోతుంది.
ఒకసారి మునిగినదానికి ఆ తేడా తెలుస్తుంది.

మిగిలింది మూడొందల నలభై.
ఆటోకి రెండొందల ఎనభై.
దారిలో కట్టుబడి దగ్గర ఆపించి
నాలుగు ఇటుకలడిగితే మేస్త్రి ఊరికే ఇచ్చాడు.
గోడ మీద పోయినేటి నీళ్ల గీత ఇంకా ఉంది.
పాత స్టూలు కాళ్ల కింద ఇటుకలు,
స్టూలు మీద డబ్బా,
గీతకు నాలుగు వేళ్లు పైన.

మధుర స్విచ్ నొక్కింది.
లైట్లేవమ్మా అంది.
కీబోర్డు మూల నమ్‌లాక్ దగ్గర
పచ్చగా ఒక్క చుక్క.
అదిగో అన్నాను.
మూతి ముడిచింది, నవ్వింది,
మానిటర్ కింది మూల వెలగని చుక్కను
వేలితో రుద్దింది. పోలేదు.

రేపు ఇరవయ్యో తారీకు.
నాలుగు కొట్ల లెక్కలున్నాయి.